ముద్ద కదిలాక సూది

లెక్కల టీచర్ని కాబట్టి నన్ను నిద్రలో లేపి అడిగినా ఎక్కాలు చెప్తానని మా స్కూల్లో అందరూ అనుకుంటారు. నిద్రలో లేపితే నా నోట వచ్చేది ఎక్కం కాదు. మా మేనత్త నేర్పిన ఒకే ఒక్క మాట: "సూది ముందు, ముద్ద తర్వాత."

నాకు పదకొండో ఏట షుగరు వచ్చింది. పెద్దవాళ్ళకు వయసు మీద పడ్డాక వచ్చే రకం కాదు. ఒంట్లో ఇన్సులిన్ అనేదే తయారుకాని రకం. సూది లేకపోతే మనిషి లేదు, అంతే. మా అమ్మ సూది చూస్తేనే కళ్ళు తిరిగి గోడకు ఆనుకునేది. నాన్న వేటకని సముద్రం మీదికి వెళ్తే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు. అప్పుడు రేపల్లె బజారులో చేపలమ్మే మా మేనత్త ఆసుపత్రికి వెళ్ళి, నర్సు పక్కన కూర్చుని, బత్తాయికి గుచ్చి గుచ్చి సూది వేయడం నేర్చుకుంది. ఇంటికొచ్చి చేతులకున్న నీచు వాసన పోయేదాకా సబ్బుతో తోముకుని, నా తొడ మీద చర్మం వేళ్ళతో పట్టుకుని, ఏడిస్తే ఇంకోటి పొడుస్తానని బెదిరించి మరీ పొడిచేది. పొడిచాక గానీ కంచం నా ముందు పెట్టేది కాదు.

ఆ మాట అప్పుడు నన్ను బతికించింది. పాతికేళ్ళు దాటాక అదే మాట నన్ను చంపబోయింది. రెండూ నిజమే. రెంటికీ అత్తే కారణం. అందుకే ఆవిణ్ణి తలుచుకుంటే దండం పెట్టాలనీ ఉంటుంది, నాలుగు దులపాలనీ ఉంటుంది.

ఇప్పుడు నేనుండేది తెనాలిలో. మా ఆయన మోటార్లు బాగుచేస్తాడు. నేను రోజూ రైల్లో బాపట్ల వెళ్ళి పిల్లలకు లెక్కలు చెప్పి సాయంత్రం తిరిగొస్తాను. ఒంట్లో షుగరుందని ఏనాడూ ఏ పనీ మానలేదు. సెలవు పెట్టలేదు, సానుభూతి అడగలేదు. అయితే కొన్నేళ్ళ కిందట నా పొట్ట నా మీద తిరగబడింది.

కడుపులో చల్ల కదలకుండా బతకమని పెద్దలు దీవిస్తారు కదా, ఆ దీవెన నాకు మరీ ఎక్కువగా తగిలింది. పొద్దున తిన్న ఇడ్లీ మధ్యాహ్నానికీ అక్కడే ఉన్నట్టుండేది. నాలుగు ముద్దలకే గొంతు దాకా నిండిపోయేది. ఒక్కోసారి రాత్రి తిన్నది తెల్లారి వాంతిలో అలాగే కనబడేది. దానికి తోడు షుగరు పిచ్చెక్కినట్టు ఆడేది. అన్నం తిని లేచిన కాసేపటికి చెమటలు పట్టి, కాళ్ళు వణికి, పడిపోయేంతగా దిగిపోయేది. మళ్ళీ ఏమీ తినకుండానే సాయంత్రానికి ఆకాశానికెక్కేది. సూది మాత్రం ఎప్పట్లాగే, అత్త చెప్పినట్టే, అన్నానికి ముందే వేసుకునేదాన్ని. లెక్క తప్పడం లేదు, జవాబు తప్పుతోంది. నాలాంటి దానికి అంతకంటే నరకం ఉండదు.

ఇంట్లోవాళ్ళు తేల్చింది ఒకటే. నేను దొంగతనంగా స్వీట్లు తింటున్నానట. మా ఆయన కూడా ఒకసారి నా హ్యాండుబ్యాగు వైపు అదోలా చూశాడు. ఆ రోజు నేనన్న మాటలు ఇక్కడ రాయను. ఆయన మాత్రం మళ్ళీ ఆ బ్యాగు వైపు చూడలేదు.

ఇలా ఉండగా మా తమ్ముడి కొడుక్కి రేపల్లెలో అన్నప్రాశన చేశారు. బంతి వేశారు. నా పక్క ఆకు అత్తది. ఆవిడకీ ఆమధ్య షుగరొచ్చింది, పెద్దతనంలో వచ్చే రకం. తనూ సూది వేసుకుంటుంది. సంచీలోంచి తన సూది తీస్తూ, బంతి మొత్తానికి వినబడేట్టు, సూదేసుకున్నావా అని నన్నడిగింది. నాకు పొద్దుటి నుంచీ పొట్ట బిగదీసుకుని ఉంది. ఎంత తినగలనో తెలీదు, తిన్నాక చూస్తానన్నాను. పప్పు గిన్నె పట్టుకుని వడ్డించేవాళ్ళు నిలబడ్డారు. ఎదురు వరసలో వాళ్ళంతా ఆకుల ముందు చేతులు పెట్టుకుని నా వైపే చూస్తున్నారు. అత్త చెయ్యెత్తి వడ్డన ఆపేసింది. నేను వేసుకునేదాకా ఎవరి ఆకులోనూ మెతుకు పడదన్నమాట. ఇంకేం చేస్తాను, రోజూ వేసుకునేంత వేసుకున్నాను.

నెయ్యి వేసిన పప్పన్నం, రొయ్యల వేపుడు, చేపల పులుసు. తిన్నది కాస్తే. ఆ కాస్తా పొట్టలో చేరి కూర్చుంది. సూది మందు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. చేతులు కడుక్కోవడానికి లేచానంతే, ఆ తర్వాత నేల. నాకు పూర్తిగా తెలివి పోలేదు. చుట్టూ అరుపులు వినబడుతూనే ఉన్నాయి. షుగరు పడిపోయిందంటే తీపి పెట్టాలని అందరికీ తెలుసు. ఒకరు లడ్డూ చిదిపి నోట్లో కుక్కారు. ఇంకొకరు మజ్జిగ పోశారు. ఇంకెవరో ఖాళీ కడుపు వల్లే ఇదంతా అని పెరుగన్నం కలిపి ముద్ద పెట్టబోయారు. మింగలేని మనిషి నోట్లో ఏదీ పెట్టకూడదని అక్కడ ఒక్కరికీ తెలీదు. లోపలికి పోయింది కూడా కదలని పొట్ట మీద ఇంకో వరస పేర్చడమే అయింది. చివరికి ఆటోలో వేసుకుని నర్సింగ్ హోముకు తీసుకెళ్ళి గ్లూకోజు ఎక్కించాక కళ్ళు తెరిచాను. ఆ లడ్డూలూ మజ్జిగా అన్నీ కలిసి సాయంత్రానికి నిద్ర లేచాయి. అప్పుడు షుగరు ఎంతకెక్కిందో చెప్తే ఇప్పుడు కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

నేనింకా మంచం మీద ఉండగానే మా వాళ్ళు తీర్పు ఇచ్చేశారు. దానికి దాని ఒళ్ళు చూసుకోవడం చేతకాదు. ఉద్యోగం మానాలి. ఒంటరిగా రైలెక్కకూడదు. పదిమందిలో కూర్చోబెట్టకూడదు. అత్త మంచం పక్కన స్టూలు మీద కూర్చుని నా పాదాలు పట్టుకుని ఉంది. ఆ పట్టు ఎంత గట్టిగా ఉందంటే, చేతకాదన్న తీర్పు మీద ఆవిడా వేలిముద్ర వేసేసిందని నాకు తెలిసిపోయింది.

తెనాలి తిరిగొచ్చాక కొత్త డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నా మాట పూర్తయ్యేదాకా విన్న మొదటి మనిషి ఆవిడ. స్వీట్లు తింటున్నారా అని అడగలేదు, అక్కడే సగం జబ్బు నయమైనట్టనిపించింది. పెద్దాసుపత్రికి పంపి పరీక్ష చేయించింది. ఏదో మందు కలిపిన ఇడ్లీ తినిపించి, అది పొట్టలోంచి ఎంతసేపటికి కదులుతుందో మెషినులో చూశారు. ఆ ఇడ్లీకి ఎక్కడికీ వెళ్ళే తొందరే లేదు. ఏళ్ళ తరబడి షుగరు వల్ల పొట్టను నడిపే నరం దెబ్బతిన్నదనీ, పొట్ట మెల్లగా నడుస్తోందనీ డాక్టరమ్మ చెప్పింది.

"మీ సూది పరిగెత్తుతోంది, ముద్ద నడుస్తోంది. రెండూ ఒకేసారి చేరాలంటే ఎవరాగాలమ్మా?" అని అడిగింది.

"సూది," అన్నాను.

అక్కడ కూర్చునే ఏడ్చాను. బాధతో కాదు, కోపంతో. ఇన్నాళ్ళూ నా లెక్క తప్పు కాదు. లెక్కలో ఒక మెట్టు ఉందని ఎవరూ నాకు చెప్పలేదు, అంతే.

ఆ రోజు నుంచీ నా చదువు మళ్ళీ మొదలైంది. తిన్నాక ఆగడం, షుగరు కదలడం మొదలయ్యాక సగం సూది, ఇంకా ఎక్కుతుంటే మిగతా సగం. డాక్టరమ్మ చెప్తూ, నేను చూసుకుంటూ, ఇద్దరం కలిసి తేల్చుకున్నాం. చేతి వెనక సెన్సరు అతికించుకున్నాను. ఫోను తీస్తే షుగరు అంకె, పక్కన బాణం. బాణం పైకి తిరిగితే ముద్ద కదిలినట్టు. నెయ్యీ వేపుళ్ళూ పీచున్న కూరలూ తగ్గించాను. మెత్తగా కలిపిన అన్నం, వడకట్టిన చారు, జావ, అవీ కొంచెం కొంచెంగా. పడిపోయేట్టుంటే తాగడానికి సంచీలో గ్లూకోజు నీళ్ళ సీసా. లడ్డూకి నా పొట్టలో దారి దొరకదు, నీళ్ళకైతే కాస్త తొందరగా దొరుకుతుంది. అన్నిసార్లూ కుదిరిందా అంటే లేదు. కొన్ని రోజులు ఎంత జాగ్రత్తపడ్డా పొట్ట దానిష్టం వచ్చినట్టే నడిచింది. అలాంటప్పుడు దాన్ని తిట్టుకుని, మర్నాడు మళ్ళీ రైలెక్కాను.

నా టిఫిన్ రైల్లోనే. తెనాలిలో ఎక్కగానే తింటాను, బాపట్ల చేరేలోపు బాణం తిరిగితే సీట్లోనే చీర కుచ్చెళ్ళ పక్కన పొట్ట మీద పొడుచుకుంటాను. మొదట్లో ఎదురు సీటువాళ్ళు ముఖం తిప్పుకునేవాళ్ళు. తర్వాత సలహాలు మొదలయ్యాయి. కాకరకాయ రసం. మెంతులు నానబెట్టిన నీళ్ళు. దుగ్గిరాలలో ఎక్కే ఒక పెద్దాయనైతే పసుపు యార్డు నుంచి పచ్చి కొమ్ములు పొట్లం కట్టి తెచ్చిచ్చాడు, పరగడుపున నమిలితే సూదులన్నీ కాలవలో పారెయ్యొచ్చట. మర్యాదగా తీసుకున్నాను. ఏం చేశావమ్మా అని ఆయన మర్నాడడిగితే, కూరలో వేశానండి, బాగుంది అన్నాను. తిన్నాక సూది వేసుకుంటారేంటండి, మా ఆవిడ ముందే వేసుకుంటుందే అని ఇంకొకాయన తప్పు పట్టాడు. మీ ఆవిడ పొట్ట మీ ఆవిడది, నా పొట్ట నాదండి అన్నాను. ఆయన పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఉద్యోగం మానలేదు. పదిమందిలో పడలేదు కూడా. ఇక అంతా సర్దుకుందనుకుంటున్నప్పుడు తమ్ముడు కొత్త పడవ కట్టించాడు.

కొత్త పడవ నీళ్ళలోకి దిగే రోజు మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఊరందరికీ ఉందో లేదో నాకు తెలీదు, మా ఇంట్లో ఉంది. ఇంటి ఆడపడుచు పడవ ముక్కుకు పసుపు రాసి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గంగమ్మ తల్లికి దండం పెట్టుకుంటుంది. తర్వాత పడవలోనే ఆకు వేసి ఆవిడకు బెల్లం పొంగలి వడ్డిస్తారు. ఆవిడ తిని లేచేదాకా తాడు విప్పరు, ఇంకెవరూ ఎంగిలిపడరు. లేచాక తాడు కూడా ఆవిడే విప్పుతుంది. ఆడపడుచు కడుపు నిండితే పడవ కడుపు నిండుతుందని మా వాళ్ళ నమ్మకం. అందుకే వద్దన్నా వినకుండా మారు వడ్డిస్తారు. నాన్న పడవకు అత్త తింది. ఆ రోజు ఎంత తిన్నదో అత్త ఇప్పటికీ చేతులు చాపి చూపిస్తుంది. తమ్ముడికి నేనొక్కదాన్నే అక్కను. అంటే ఈ పడవకు ఆడపడుచును నేను.

తమ్ముడు ఫోను చేశాడు. మాటలు నములుతున్నాడు. పడవ రంగు గురించి చెప్పాడు, ఇంజను గురించి చెప్పాడు, ఎండ గురించి చెప్పాడు. విషయం చెప్పరా అంటే, అప్పుడు చెప్పాడు. పసుపూ పొంగలీ ఈసారి చిన్నాన్న కూతురు చేత చేయించమంది అత్త.

ఆదివారం రేపల్లె రైలెక్కాను. అత్త ఇంటి అరుగు మీద కత్తిపీట ముందు కూర్చుని మట్టగిడసలు కోస్తోంది. నన్ను చూసి ముందు అడిగిన మాట, సూదేసుకున్నావా. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆడపడుచుని నేనుండగా ఇంకొకరు ఎందుకు ఎక్కుతున్నారని అడిగాను. చేప మీంచి కళ్ళెత్తకుండా, ఎండలో పొద్దుటి నుంచీ ఉపవాసం ఉండాలనీ, పొంగలి నా ఒంటికి పడదనీ, నాలుగు ముద్దలకే లేస్తే పడవకు మంచిది కాదనీ, అన్నీ ముందే అనుకున్నట్టు చెప్పుకుపోయింది. చివరికి అసలు మాట చెప్పింది.

"కొత్త పడవ మీద పడిపోతే అపశకునం కాదటే? నలుగురూ ఏమనుకుంటారు?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అపశకునం నేనా అత్తా? పదకొండేళ్ళప్పుడు నన్ను పొడిచి పొడిచి బతికించింది ఇందుకా?"

అత్త కత్తిపీట పక్కకు జరిపింది. చేతికున్న పొలుసులు గుడ్డకు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"ఆ రోజు నీ నోట్లో లడ్డూ పెట్టింది నేనేనే," అంది. "అది కూడా నేనే పెట్టా, సూది కూడా నేనే ఏయించా. మళ్ళీ అట్టా చూళ్ళేను. నా వల్ల కాదు."

ఆవిడ గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు. నా కోపం సగం దిగింది, కానీ సగమే. ఆవిడ భయానికి నేను ఇంట్లో కూర్చుంటే, ఆ భయం రేపు ఇంకో గది తలుపేస్తుంది, ఎల్లుండి రైలు ఆపుతుంది. అందుకని ఆవిడకు తెలిసిన లెక్కలోనే చెప్పాను.

"పోటు రాకముందే పడవ నెడితే ఏమవుద్దత్తా?"

"బురదలో కూరుకుపోద్ది," అంది. ఇంత చిన్న విషయం అడుగుతావేంటి అన్నట్టు చూసింది.

"నా పొట్టలో పోటు ఆలస్యంగా వస్తది. ఆ రోజు నువ్వు పోటు రాకముందే నెట్టించావు. ఇప్పుడు నేను నీళ్ళు చూసి నెడుతున్నా. అంతే తేడా."

అత్తకు సెన్సరు చూపించాను, ఫోనులో బాణం చూపించాను. చూసింది గానీ నమ్మలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మరి. సూది ముందే ఏసుకోవాలని నర్సు చెప్పింది, ఆ నర్సు అబద్ధమాడదు అంది. నేను లేచాను. బొట్టు పెట్టి పిలవకపోయినా వస్తాను, ఆ పడవ నేనే ఎక్కుతాను, దింపగలిగినవాళ్ళు దింపండని చెప్పి వచ్చేశాను. గుమ్మం దాటాక వెనక్కి చూడాలనిపించింది. చూడలేదు.

పడవ దింపే రోజు పొద్దున్నే మా ఆయనతో కలిసి కాలవ గట్టుకు చేరాను. పసుపు రంగు పడవ, ముక్కు మీద ఎర్ర గీత, మామిడాకులు కట్టారు. పోటు నిండుగా ఉంది. చిన్నాన్న కూతురు పట్టుచీర కట్టుకుని పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూడగానే ప్రాణం లేచొచ్చినట్టు ఎదురొచ్చి పళ్ళెం నా చేతుల్లో పెట్టేసింది. ఆ పొంగలి గిన్నె చూసినప్పటి నుంచీ తనకు గుండె దడగా ఉందట, నువ్వే ఎక్కక్కా అని చెవిలో చెప్పింది. అత్త గట్టు మీద నిలబడి ఇదంతా చూస్తోంది. వద్దనలేదు, రమ్మనలేదు. నేను పలక మీదుగా పడవెక్కాను.

పసుపు రాశాను. బొట్టు పెట్టాను. కొబ్బరికాయ ఒక్క దెబ్బకు రెండు సమాన చెక్కలైంది, గట్టు మీద అందరూ హాయిగా ఊపిరి పీల్చారు. పొంగలి మెత్తగా ఉడికించి నెయ్యి తగ్గించమని మరదలికి ముందే చెప్పుకున్నాను. తమ్ముడి భార్య కదా, పాపం, అత్తకు తెలీకుండా నా వాటా వేరే గిన్నెలో వండింది. ఆకు వేశారు. కూర్చున్నాను. వడ్డించింది అత్త. తనే పడవెక్కి, గరిటె తీసుకుని, మరదలు అందించిన గిన్నెలోంచి గుట్టగా పెట్టింది.

మెల్లగా తిన్నాను. ఒక ముద్ద, కాసేపాగి ఇంకో ముద్ద. నాలుగు ముద్దలయ్యేసరికి గొంతు దాకా వచ్చింది. చెయ్యి ఆపాను. అత్త మారు వడ్డించబోతే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను. గట్టు మీద గుసగుసలు మొదలయ్యాయి. ఆడపడుచు కడుపు నిండలేదన్నారెవరో. అంత కొంచెమైతే పడవకు ఏం కలిసొస్తుందన్నారు ఇంకెవరో. తమ్ముడు తల దించుకుని తాడు వైపు చూస్తున్నాడు.

ఊరుకోగలిగితే నేనెందుకవుతాను.

"నిండింది," అన్నాను, గట్టు చివరి దాకా వినబడేట్టు. "మీలో ఎవరు ఎంత తిన్నా పొద్దు తిరిగేసరికి మళ్ళీ ఆకలంటారు. నాకు ఈ నాలుగు ముద్దలు సాయంత్రం దాకా కడుపులోనే ఉంటాయి. నిండటం సంగతి చెప్పాలంటే నాకంటే బాగా ఎవరు చెప్తారు? మా తమ్ముడి పడవ కూడా ఇట్టాగే నిండాలి, నిండింది నిండినట్టే ఉండాలి."

ముందు నవ్వింది మా చిన్నాన్న. తర్వాత గట్టంతా నవ్వింది. తమ్ముడు తలెత్తాడు. అత్త మాత్రం నవ్వలేదు. గరిటె పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది. ఆవిడ నాలుక చివర ఏ మాట ఉందో నాకు తెలుసు. ఇరవై ఏడేళ్ళుగా తెలుసు.

ఆ మాట ఆవిడకు బదులు పడవ నడిపే పెద్దాయన అన్నాడు. పోటు తీసి నీళ్ళు తగ్గడం మొదలైంది, ఇంకాసేపుంటే కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట తగులుతుంది. నా అలవాటు ఊళ్ళో అందరికీ తెలిసిందే కాబట్టి, ఆ సూదేదో ఏసేసుకుని లేవమ్మా, ఎళ్ళొస్తాం అన్నాడు. మంచిగానే అన్నాడు. ఫోను చూశాను. బాణం అడ్డంగా ఉంది, కదల్లేదు. సూది వేయకుండా లేచి తాడు విప్పొచ్చు, తర్వాత గట్టు మీద వేసుకోవచ్చు, అదీ నిజమే. కానీ ఆ రోజు బంతిలో నా కోసం వడ్డన ఆపి నన్ను తొందరపెట్టిన ఊరే ఇది. ఈ ఊరి ముందే, ఈ ఆకు ముందే, నా టైముకు నా సూది పడాలి. లేకపోతే చేతకానిదన్న తీర్పు అలాగే మిగిలిపోతుంది.

"ఇప్పుడే కాదు బాబాయ్," అన్నాను. "నా సూది పడేదాకా నేను ఆకు ముందు నుంచి లేవను."

తమ్ముడు నీళ్ళ వైపు చూశాడు, నా వైపు చూశాడు. గట్టు మీద బురద కొంచెం బయటపడింది. పెద్దాయన మళ్ళీ నోరు తెరిచాడు. పడవ మేట మీద ఆగిపోతే ఈసారి నిజంగానే నన్ను అపశకునం అంటారు, అప్పుడు నా దగ్గర జవాబుండదు. అయినా లేవలేదు.

అత్త గరిటె గిన్నెలో పడేసింది. నా ఎదురుగా పడవ చెక్కల మీద చతికిలబడి కూర్చుంది. పెద్దాయన వైపు తల తిప్పి, కోపంగా కాదు, బజారులో బేరం తెగ్గొట్టేటప్పుడు మాట్లాడే గొంతుతో అంది.

"పోటు రాకుండా నువ్వెప్పుడన్నా పడవ నెట్టావా? ఆగు. దానికింకా పోటు రాలా."

అత్త నా ఫోను తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడకు అంకెలు సరిగా కనబడవు, బాణం కనబడుతుంది. నేను నీళ్ళ వైపు చూడకుండా ఆవిడ వేళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాను. గోళ్ళ సందుల్లో పొలుసులు ఇంకా మెరుస్తున్నాయి. చాలాసేపటికి ఫోను నా వైపు తిప్పింది.

"ఇది పైకి తిరిగింది. ఇదేనా?"

"ఇదే," అన్నాను.

సగం సూది వేసుకున్నాను, అందరూ చూస్తుండగా. అత్త నా చేయి పట్టుకుని లేపింది. తాడు విప్పి, పలక మీదుగా ఇద్దరం గట్టు మీదికి దిగాం. పడవ కదిలింది. మొగ దగ్గర మేట మీద అడుగు ఒక్కసారి రాసుకుని గర్రున శబ్దం చేసింది, తర్వాత లోతులోకి దిగి సాగిపోయింది. గట్టు మీదివాళ్ళంతా భోజనాలకు కదిలారు. మా ఆయన రమ్మని సైగ చేశాడు. ఇంకో సగం సూది ఉంది, కాసేపాగి వస్తానన్నాను.

అత్త వెళ్ళలేదు. పొద్దుటి నుంచీ ఆవిడా ఏమీ తినలేదు, ఆవిడ సూది సంచీలోనే ఉంది. నువ్వెళ్ళి వేసుకుని తినత్తా, నీకు ఆలస్యం మంచిది కాదన్నాను. వినిపించుకోలేదు. చీర కుచ్చెళ్ళు సర్దుకుని గట్టు మీద నా పక్కన కూర్చుంది. పడవ కనబడినంత సేపూ చూసి, తర్వాత నా వైపు తిరిగింది. చిన్నప్పటి నుంచీ అడిగిన మాట ఈసారి అడగలేదు.

"కదిలిందా?" అంది.

"ఇంకా లేదత్తా."

"అయితే ఆగుదాం," అంది.